రాట పాతిన చెయ్యి

వించిపేట, విజయవాడ
24 మే 2004

ఛాయా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు లేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో. ఎలక్షన్లు అయ్యేదాకా నాకు ఊపిరి తీసుకునే తీరిక లేదు. ఏ పార్టీ మీటింగ్ పెట్టినా షామియానాలు మావే. గెలిచినవాళ్లు దండలు వేసుకున్న సభకీ మావే, ఓడినవాళ్లు కూర్చుని ఒకరినొకరు తిట్టుకున్న సభకీ మావే. ఇప్పుడవన్నీ చిరిగి, దుమ్ము కొట్టుకుని గోడౌన్లో గుట్టగా పడున్నాయి. మెహబూబ్ బీ పొద్దున్నే కుట్టు మిషన్ ముందు కూర్చుంటే సాయంత్రం దాకా మాసికలు వేస్తూనే ఉంది.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. మీ ఇంట్లో ఫోను హాల్లో ఉంటుంది, దాని పక్కనే బావగారి పడక్కుర్చీ ఉంటుంది. నువ్వు 'ఊ' అంటే 'ఎవరు?' అంటారాయన. అయినా హాస్టల్ రోజుల్లో సెలవులకి ఊరెళ్లినప్పటి నుంచీ మనకి ఉత్తరాల్లోనే నోరు బాగా లేస్తుంది.

సంగతి ఇదీ. ఆగస్టు చివర్లో కృష్ణా పుష్కరాలు. ఘాట్ల దగ్గర చలువ పందిళ్లు, షామియానాలు, బట్టలు మార్చుకునే చోట తెరలు, అన్నీ కలిపి ఒకటే టెండర్ పిలిచారు. నేను వేస్తున్నాను. అలీ సప్లయ్ కంపెనీ, ప్రొప్రయిటర్ ఫిర్దౌస్ అని రాసి మరీ వేస్తున్నాను.

గుండె గుభేలుమందా? మా మునీర్‌కీ అలాగే అయింది. "ఆపా, పుష్కరాల టెండర్ మనమా?" అన్నాడు. మనమే రా తమ్ముడూ, ఇంకెవరు అన్నాను. వాడు ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

టెండర్ కాగితాలు కొనడానికి వెళితే వరండాలో నిలబడ్డ కాంట్రాక్టర్లందరూ నాకు దారిచ్చారు. మర్యాదకి అనుకునేవు. నేనేదో బర్త్ సర్టిఫికెట్ కోసం వచ్చాననుకుని పక్క కౌంటర్ చూపించారు. పుష్కరాల టెండర్ అనగానే ఒకాయన "అమ్మా, అది కృష్ణలో స్నానాల పండగమ్మా" అన్నాడు, నేనేదో నిన్నే ఈ ఊళ్లో రైలు దిగినట్టు. "తెలుసండీ. పన్నెండేళ్ల కిందట తమరు స్నానం చేసి ఒడ్డుకొచ్చి పంచె మార్చుకున్న తెర మాదే" అన్నాను. పక్కవాళ్లు పకపకా నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఈసారి కాగితాల చివర కొత్త కండిషన్ ఒకటి పెట్టారు. టెండర్ వేసేవాళ్లని కులం, మతం, ఆడా మగా చూసి పక్కన పెట్టకూడదట. టెండర్ వచ్చినవాళ్లు కూడా పనివాళ్ల దగ్గర ఆ తేడాలు చూపకూడదట, ఒకే పనికి ఒకే కూలి ఇవ్వాలట. దాని కింద సంతకం చేసి ఇవ్వాలి. కౌంటర్ దగ్గరే నిలబడి రెండుసార్లు చదివాను. ఇది చూడటానికి నాన్న లేడే అనిపించింది. కళ్లు తుడుచుకుంటే కాంట్రాక్టర్లు భయపడ్డాననుకుంటారని తుడుచుకోలేదు.

నాన్న అంటే గుర్తొచ్చింది. మొన్న గోడౌన్ సర్దుతుంటే పాత గునపం దొరికింది. "ఛాయమ్మ పెళ్లి రాటకి గొయ్యి తవ్వింది దీంతోనే" అన్నాడు శౌరయ్య, నాన్న నాటి నుంచీ మా దగ్గర పనిచేస్తున్నవాడేగా. అతను తవ్వితే నాన్న రాట నిలబెట్టాడు. అది రంజాన్ నెల, నాన్న రోజా ఉన్నాడు. మీ పురోహితుడు గారేమో ముహూర్తం దాటకూడదంటూనే ఆలస్యంగా వచ్చారు. ఆ ఎండలో అంతసేపూ నాన్న రాటని వదలకుండా పట్టుకునే ఉన్నాడు. మీ అమ్మ, మా రావమ్మ పిన్ని, రాటకి పసుపు పూసి, మామిడాకులు కట్టి, గోతిలో నవధాన్యాలూ పాలూ పోసి, చివర్న అందరితోపాటు నాన్నకీ గ్లాసుతో పానకం ఇచ్చింది. రోజా అని తెలిసి నాలుక్కరుచుకుని, ఆ గ్లాసు మూతపెట్టి దాచి, సాయంత్రం తనే తెచ్చి ఇచ్చింది. ఆ పానకంతోనే నాన్న రోజా విడిచాడు. ఎక్కడ పందిరి వేసినా ఆ కథ చెప్పేవాడు.

దీవించు. దీవించలేకపోతే కనీసం భయపెట్టకు.

నీ
ఫిర్దౌస్


పామర్రు
31 మే 2004

ఏమే ఫిర్దౌసూ,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. పప్పు మాడింది. ఆ మాడుపప్పు తిని మావారు ఒక్క మాటా అనలేదంటే చూసుకో, ఆయన బుర్ర ఈమధ్య ఎరువుల కొట్లో కూడా ఉండటం లేదు.

నీ తెగువ నాకు తెలియనిదా? హాస్టల్లో చారు నీళ్లలా ఉందని గిన్నె ఎత్తుకెళ్లి వార్డెన్ బల్ల మీద పెట్టి "మీరూ రుచి చూడండి మేడమ్" అన్నదానివి. ఆ తరవాత వారం రోజులు నీతోపాటు నేనూ బయట తినాల్సొచ్చింది. అది మర్చిపోకు.

కోప్పడకుండా విను. పెద్ద పెద్ద కాంట్రాక్టర్లతో నీకెందుకే గొడవ? ఇక్కడ ఎవరో అనుకుంటుంటే విన్నాను. టెండర్ ఎవరికొచ్చినా షామియానాలు తీసుకునేది నీ దగ్గరేనట, అద్దె కూడా ఎప్పటికన్నా ఎక్కువే ఇస్తారట. అంటే పని నీదే, డబ్బూ నీదే. పేరొక్కటే వాళ్లది. పేరు దేనికే మనకి? పేరు పెట్టుకుని అన్నం వండుకుంటామా? నువ్వు టెండర్ వేయకుండా ఊరుకుంటే చాలు, అందరికీ మంచిగా ఉంటుంది.

ఇంకో మాట. ఆ కండిషన్ చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నావు సరే, రెండో సగం సరిగ్గా చదివావా? మొన్న వైశాఖంలో మా పక్కింటి పెళ్లికి మీవాళ్లు వచ్చారు. నేను అరుగు మీద నిలబడి చూశాను. తడిసిన షామియానా ఒక కొస మీ శౌరయ్య పట్టుకున్నాడు, ఇంకో కొస మెహబూబ్ బీ పట్టుకుంది. ఇద్దరూ ఒక్కలాగే లాగారు, ఒక్కలాగే ఆయాసపడ్డారు. కూలి కూడా ఒక్కలాగే ఇస్తున్నావా? ఇవ్వకపోతే ఏ మొహంతో సంతకం చేస్తావు?

అమ్మ కూడా పానకం సంగతి పోయేదాకా చెబుతూనే ఉండేది. "ఆ మనిషి ఎండలో మాడుతుంటే నేను పానకం పట్టుకెళ్లాను చూడు" అని తనని తానే తిట్టుకునేది.

కోపం తెచ్చుకోకు. తెచ్చుకుంటావులే.

నీ
ఛాయ


వించిపేట, విజయవాడ
4 జూన్ 2004

ఛాయా,

తెచ్చుకున్నాను. పేరు దేనికంటావా? చెబుతా విను.

పోయిన పుష్కరాలకి ఈ ఘాట్లలో పందిళ్లన్నీ నాన్నే వేశాడు. టెండర్ ఇంకొకాయనది. పందిరి పందిరికీ ఆయన పేరు పెద్ద పెద్ద అక్షరాలతో బోర్డు కట్టాం, మేమే కట్టాం. ఆఖరి రోజు సన్మాన సభ పెట్టారు. అదీ మా షామియానా కిందే. ఆ కాంట్రాక్టర్ మెడలో దండ వేస్తుండగా ఏటి గాలికి ఒక మూల తాడు ఊడింది. నాన్న బయట నిలబడి, కాళ్లు తన్నిపెట్టి, ఆ తాడు రెండు చేతులా పట్టుకున్నాడు. లోపల చప్పట్లు. సభ అయ్యేదాకా ఆయన వదల్లేదు. అరచేతులు ఒరుసుకుపోయి రక్తం కారింది. నాకు ఏడుపొచ్చి "ఆ దండ నీదే కదా నాన్నా?" అంటే "పని మనదేగా బేటీ, పేరుదేముంది" అన్నాడు.

ఇప్పుడు అదే మాట నువ్వు రాశావు. ఆయన నోట వింటే ఏడుపొచ్చింది. నీ చేతిరాతలో చూస్తే ఒళ్లు మండిపోయింది. పేరుతో అన్నం వండుకోరు, నిజమే. కానీ పేరు లేకపోతే నేను ఎప్పటికీ బయట తాడు పట్టుకునే మనిషినే. ఆ సంగతి నీకు చెప్పాల్సి రావడమే నాకు చిన్నతనంగా ఉంది.

ఇక నీ రెండో సగం. అడిగినందుకు నిన్ను ఒక పూటంతా తిట్టుకున్నాను. తరవాత గోడౌన్‌కెళ్లి మెహబూబ్ బీ ఎదురుగా కూర్చున్నాను. "శౌరయ్యకిచ్చేదాంట్లో నీకు సగమే వస్తోంది కదా, ఎప్పుడూ అడగలేదేం?" అన్నాను. "అడిగితే మిషన్ ఇంకొకరికిస్తారేమోనని, బేటీ" అంది, దారం కొరుకుతూ. నా దగ్గర! నా గోడౌన్లో! నాకు తల కొట్టేసినట్టయింది.

ఈ నెల నుంచి ఇద్దరికీ ఒకటే కూలి. మిగతా ఆడవాళ్లకీ అంతే. మునీర్ లబోదిబోమన్నాడు. "కూలి పెరిగితే మన రేటు పెరుగుతుంది, రేటు పెరిగితే టెండర్ పోతుంది ఆపా, ఎవరు చూడొచ్చారు, సంతకం చేసి ఊరుకుందాం" అన్నాడు. పోతే పోనీ అన్నాను. వరండాలో నన్ను చూసి నవ్వినవాళ్లకీ నాకూ ఆమాత్రం తేడా ఉండొద్దా? శౌరయ్య మెల్లగా వచ్చి "అందరికీ ఒకటే అంటే నాది తగ్గించరు కదమ్మా?" అన్నాడు. తగ్గించను పో అన్నాను. మెహబూబ్ బీ అయితే పెంచిన మర్నాడే "అయితే శౌరయ్యకి తెప్పించినట్టే నాకూ బయటి టీ తెప్పించు" అంది. తెప్పిస్తున్నాను.

'ఎవరో అనుకుంటుంటే విన్నాను' అని రాశావే, ఎవరే ఆ ఎవరో? నేను టెండర్ వేస్తున్న సంగతి పామర్రులో అనుకునేవాళ్లు ఎవరున్నారు?

పదో తారీఖున టెండర్ వేసేవాళ్లందరినీ సందేహాలుంటే అడగమని మీటింగ్‌కి పిలిచారు. వెళ్తున్నాను. నాకేం సందేహాల్లేవు.

ఫిర్దౌస్


వించిపేట, విజయవాడ
11 జూన్ 2004

శ్రీమతి ఛాయాదేవి గారికి,

నమస్కారాలు. మీరూ మీవారూ కుశలమని తలుస్తాను.

నిన్నటి మీటింగ్‌లో ఆఫీసరు గారు ఒక అర్జీ చదివి వినిపించారు. పుష్కర ఘాట్లలో మొదటి రాట ముహూర్తం చూసి, కాంట్రాక్టరే స్వయంగా స్నానం చేసి, పూజ చేసి పాతడం ఆచారమట. వేరే మతం వాళ్ల చేత్తో పాతిన రాట చెల్లదట. కాబట్టి అలాంటివాళ్ల టెండర్ తీసుకోకూడదట. ఇచ్చినవారు శ్రీ ఛాయా సప్లయర్స్, పామర్రు. ప్రొప్రయిటర్ పేరు కూడా చదివారు. మీ పేరే. హాల్లో ఆ లెక్కలోకి వచ్చేది నేనొక్కదాన్నే కాబట్టి ఆ 'వేరే మతం వాళ్లు' ఎవరో ఎవరికీ అనుమానం రాలేదు.

మీ తరఫున మీవారు వెంకటకృష్ణారావు గారు లేచి మాట్లాడారు. నేను కొత్త కండిషన్ చూపిస్తే "మేం మతం చూడమనట్లేదండీ, ఆచారం చూడమంటున్నాం" అన్నారు. అంతకుముందు నన్ను చూసి "బాగున్నావామ్మా?" అని కూడా అడిగారు. బాగున్నానండీ అన్నాను.

ఆఫీసరు గారు అర్జీ ఇచ్చిన ప్రొప్రయిటర్ స్వయంగా వచ్చి చెబితేనే వింటామన్నారు. పద్దెనిమిదిన మిమ్మల్ని రమ్మన్నారు. మీవారు చెప్పే ఉంటారు.

పేరు దేనికి అని అడిగారు మీరు. మీ పేరు దేనికి పనికొచ్చిందో నిన్న చూశాను.

మీ అర్జీ నెగ్గినా సరే, నేను టెండర్ వేస్తాను. వద్దని తిప్పి పంపితే అలాగని కాగితం మీద రాసిమ్మంటాను. రాసిచ్చేదాకా అక్కణ్ణుంచి లేవను.

ఇక మీరు నాకు ఉత్తరాలు రాయనక్కర్లేదు.

ఫిర్దౌస్
ప్రొప్రయిటర్, అలీ సప్లయ్ కంపెనీ


పామర్రు
19 జూన్ 2004

ఫిర్దౌసూ,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చింపెయ్యాలనుకుంటే చదివాక చింపు.

'ఎవరో' మావారే. ఎరువుల మీద మిగలడం లేదని రెండేళ్ల నుంచి కాంట్రాక్టులు చేస్తున్నారు. కంపెనీ నా పేరు మీద పెట్టారు. పెన్సిల్‌తో ఇంటూ మార్కు పెట్టి తెస్తారు, నేను ఆ మార్కు దగ్గర సంతకం చేసి మళ్లీ కూరలో ఉప్పు వేసుకుంటాను. నువ్వు టెండర్ వేస్తున్నావని నీ ఉత్తరం చదివి ఆయనకి చెప్పింది నేనే. "ఆ అమ్మాయికి నచ్చజెప్పు, పని తనకే ఇద్దాం" అన్నారు. నేను అదే నీకు రాశాను. ఆ తరవాత వచ్చిన అర్జీ మీద కూడా మార్కు చూసి సంతకం చేశాను, చదవలేదు. నీ ఉత్తరంలో 'శ్రీమతి ఛాయాదేవి గారికి' అని చూసి ముందు నవ్వొచ్చింది, ఆటలాడుతున్నావనుకుని. చివరికొచ్చేసరికి ఆ నవ్వు పోయింది. కానీ క్షమించమని రాయడానికి కాదు ఈ ఉత్తరం. క్షమించకు. నేనేం చేశానో విను.

నిన్న ఆయనతో కలిసి బస్సెక్కాను. కంకిపాడు దాకా ఆయన నాకు పాఠం చెబుతూనే ఉన్నారు. "నువ్వేం మాట్లాడక్కర్లేదు. అర్జీ నాదేనండి అను, చాలు. మిగతాది నేను చూసుకుంటా" అన్నారు. సరేనన్నాను.

ఆఫీసరు గారు కుర్చీ చూపించి "ఈ అర్జీ మీదేనా అమ్మా?" అన్నారు.

"నాదేనండి" అన్నాను. మావారు తల ఊపారు.

"ఇందులో రాసింది మీరు నమ్ముతున్నారా?"

"అది మీరే చెప్పాలండి" అన్నాను. "నా పెళ్లి రాట పాతింది అలీ సాయిబు గారు. రోజా ఉండి, మంచినీళ్లు కూడా తాగకుండా, ఎండలో నిలబడి పాతారు. ఆ పందిట్లోనే ఈయన నా మెళ్లో తాళి కట్టారు. ఆయన చేత్తో పాతిన రాట చెల్లదని ఈ అర్జీలో ఉంది. అదే నిజమైతే ఆ పందిరీ చెల్లదు, ఆ పెళ్లీ చెల్లదు, ఈయన నాకేమీ కారు. పంతొమ్మిదేళ్లుగా ముక్కూమొహం తెలియని మనిషికి కాఫీలు కలిపిస్తున్నట్టే లెక్క. ఈయన నా మొగుడే అనుకుంటే ఈ అర్జీ అబద్ధం. రెండింట్లో ఏది రాసుకుంటారో రాసుకోండి. దేని కింద సంతకం చేయమన్నా చేస్తాను, ఈసారి చదివి చేస్తాను."

మూల కూర్చున్న గుమాస్తా నోట్లో కండువా కుక్కుకున్నాడు. ఆఫీసరు గారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. మావారు "అది వేరు, ఇది వేరండీ" అన్నారు. "ఎలా వేరో చెప్పండి, వింటాను" అన్నారు ఆఫీసరు. ఈయన మళ్లీ ఆచారం అనే అన్నారు. ఆఫీసరు గారు అర్జీ కొట్టేశారు. మతాన్ని బట్టి ఎవరి టెండరూ ఆపేది లేదని నా ముందే రాశారు.

బస్సులో ఆయన వెనక సీట్లో కూర్చున్నారు. ఇంటికొచ్చాక నాతో మాటల్లేవు. కూరలో కారం ఎక్కువైతే గోడకి చెబుతున్నారు. "గోడగారూ, మంచినీళ్లు కావాలేమో అడగండి" అన్నాను నేనూ. నాకు భయం వేయడం లేదే ఫిర్దౌసూ. వేస్తుందనుకున్నాను.

ఇక అసలు సంగతి. పొద్దున ఆయన గోడని వదిలేసి నాతోనే "పరువు పోయింది, టెండర్ మానేద్దాం" అన్నారు. మానను అన్నాను. కంపెనీ నాది. ప్రొప్రయిటర్ని నేను. కాగితాలన్నీ ముందేసుకుని చదువుతున్నాను. బందరులో, గుడివాడలో సప్లయ్ కంపెనీల వాళ్లతో అద్దెలు మాట్లాడుకున్నాను. రేట్లు నేనే వేస్తాను, కవరు నేనే తెచ్చి పెట్టెలో పడేస్తాను. స్నేహితురాలు కదా అని నీకోసం తప్పుకుంటాననుకోకు. తప్పుకుంటే నీకు దయ చూపినట్టవుతుంది. నీకు ఎవరి దయా అక్కర్లేదని నాకు తెలుసు.

చేతనైతే నా మీద గెలువు.

ఛాయాదేవి
ప్రొప్రయిటర్, శ్రీ ఛాయా సప్లయర్స్


వించిపేట, విజయవాడ
23 జూన్ 2004

ఒసేయ్ ఛాయా,

చింపలేదు. శౌరయ్యకీ మెహబూబ్ బీకీ మునీర్‌కీ చదివి వినిపించాను. కాఫీల దగ్గరికొచ్చేసరికి మెహబూబ్ బీ నవ్వలేక మిషన్ మీద తల పెట్టేసింది. శౌరయ్య మాత్రం "గొయ్యి తవ్వింది నేను కదమ్మా, ఆ మాట చెప్పలేదేం ఛాయమ్మ గారు?" అని చిన్నబుచ్చుకున్నాడు. నిజమే, అతన్ని ఎందుకు వదిలేశావు? ఇంకోసారి ఎక్కడైనా చెబితే గోతితో సహా చెప్పు.

నీ మీద కోపం పోయిందా అంటే పోలేదు. చదవకుండా సంతకం చేసినందుకు ఇంకా ఉంది. నా ఉత్తరంలో సంగతి ఆయన చెవిన వేసినందుకు ఇంకాస్త ఎక్కువే ఉంది. అది పోయేదాకా నిన్ను తిట్టే హక్కు నాకుంది, ఉంచుకుంటాను.

టెండర్ వేస్తావా? వెయ్యవే! నాకు భయమా? నువ్వు షామియానాలు గుడివాడ నుంచి లారీలో అద్దెకి తెచ్చుకోవాలి, నావి నా గోడౌన్లోనే మడతపెట్టి ఉన్నాయి. వెదురు నాది, తాళ్లు నావి, మిషన్ నాది, మనుషులు నా మనుషులు. నా రేటు నీకు చెప్పను, నీది నాకు చెప్పకు. హాల్లో కనపడితే పలకరించకు కూడా, ఇద్దరం కలిసిపోయామనుకుంటారు.

దమ్ముంటే రా.

ఫిర్దౌస్


పామర్రు
2 జూలై 2004

ఫిర్దౌసూ,

నిన్న హాల్లో నువ్వు ఆ చివర, నేను ఈ చివర. పలకరించొద్దన్నావని నీవైపు చూడలేదు. నువ్వు మాత్రం మూడు నాలుగుసార్లు చూశావు, నాకు తెలుసు.

కవర్లు విప్పి రేట్లు చదివారు. నీదే అందరికన్నా తక్కువ. నాది నీ తరవాతిది. వరండాలో నిన్ను చూసి నవ్వారన్నావే, ఆ మగమహారాజులందరూ మనిద్దరి వెనకే.

ఓడిపోయానే! ఎలా చెప్పను నీకు? రెండేళ్ల నుంచి నా పేరుతో ఆయన గెలుస్తున్నారు. నా పేరుతో నేను ఓడిపోవడం ఇదే మొదటిసారి. ఎంత బాగుందో తెలుసా? బస్టాండ్‌లో ఒక్కదాన్నే కూర్చుని చెరుకురసం తాగాను.

ఇంటికొచ్చాక ఆయన "నేను చెప్పిన రేటు వేసి ఉంటే ఇవాళ గెలిచేదానివి" అన్నారు. "మీరు చెప్పిన రేట్లో ఆడవాళ్ల కూలి సగమే ఉందండి" అన్నాను. "అందరూ అంతే కదా ఇచ్చేది" అన్నారు. "గెలిచిన మనిషి అలా ఇవ్వడం లేదు. అయినా గెలిచింది" అన్నాను. పడక్కుర్చీలో కూర్చుని "అలీ సాయిబు నిజంగానే నీళ్లు కూడా తాగలేదా ఆ రోజు?" అన్నారు. పంతొమ్మిదేళ్లకి ఇప్పుడు అడుగుతున్నారు. లేదండి అన్నాను.

వచ్చే టెండర్‌కి జాగ్రత్తగా ఉండు. ఈసారి వెదురు నేనూ కొనుక్కుంటాను.

నీ
ఛాయ


వించిపేట, విజయవాడ
12 ఆగస్టు 2004

ఛాయా,

అధిక శ్రావణం అయిపోవస్తోంది. నిజ శ్రావణం రాగానే మొదటి రాట పాతాలి. మంచి ముహూర్తం చూసి పంతులు గారు రాసిచ్చారు. "మీ నాన్నగారు పాతిన రాట ఒక్కటి కూడా ఒరగలేదమ్మా, కంగారు పడకు" అన్నారాయన. నేను కంగారు పడుతున్నట్టు ఆయనకెలా తెలిసిందో.

బోర్డు రాయించాను. అలీ సప్లయ్ కంపెనీ, వించిపేట. కింద నా పేరు. పెయింటర్ చిన్న అక్షరాలతో రాస్తే చెరిపించి పెద్దవి రాయించాను. మునీర్ ఆ బోర్డు తుడిచిందే తుడుస్తున్నాడు, మొన్న అన్నం మానేసినవాడు వీడేనా అనిపిస్తోంది. మొదటి రోజు నుంచే పందిరి పందిరికీ కట్టిస్తాను. ఆఖరి రోజు సన్మాన సభ ఉంటుందట. దండ వేస్తే వేయించుకుంటాను, మొహమాటపడను. ఇంటికి తెచ్చి నాన్న ఫోటో దగ్గర పెడతాను.

రాట ఎవరు పాతాలో కూడా తేల్చేశాను. గొయ్యి శౌరయ్య తవ్వుతాడు, ఆ పాత గునపంతోనే. రాట ఒక పక్క నేను పట్టుకుంటాను, ఇంకో పక్క మెహబూబ్ బీ పట్టుకుంటుంది. ఆడవాళ్లు ఎప్పుడైనా రాట పట్టుకున్నారా అని మునీర్ గొణిగాడు. కండిషన్ మళ్లీ చదవరా అన్నాను. పసుపు పూసి మామిడాకులు కట్టడానికి ఒక మనిషి కావాలి. రావమ్మ పిన్ని లేదు కాబట్టి ఆ పని నీదే. వేరే ఎవరినీ చూడలేదు, చూడను. నీ మీద కోపం ఇంకా కొంచెం ఉంది, అయినా నువ్వే రావాలి.

పానకం నువ్వే కలుపుకుని తీసుకురా, మీ అమ్మ చేసినట్టు మిరియాలు దండిగా వేసి. ఈసారి రంజాన్ ఇంకా దూరం ఉంది, నాకు రోజా లేదు. మూతపెట్టి దాచాల్సిన పనిలేదు, అక్కడే అందరి ముందూ గటగటా తాగేస్తాను.

బావగారిని కూడా తప్పకుండా తీసుకురా. ఏటి ఒడ్డున గాలెక్కువ, తాడు పట్టుకోవడానికి మనిషి కావాలి. కూలి మాత్రం అందరికీ ఒకటే.

నీ
ఫిర్దౌస్